పుదుపేట టర్బోతో బాబాయి డిజైర్

బండి 2012 మోడల్ డిజైర్ డీజిల్. ఇంజను 1248 సీసీ మల్టీజెట్, 75 హార్స్ పవర్‌ది. మీటరు లక్షా తొంభై వేలు దాటింది. యజమాని మా బాబాయి. ఇల్లు చెన్నై కొళత్తూరులో, పొలం గూడూరు దగ్గర, ఆ రెండింటి మధ్య తిరిగేది ఈ బండి. టర్బో మార్చే పని జరిగిన చోటు విల్లివాక్కంలో మెకానిక్ అన్న షెడ్డు. ఆయనది నాయుడుపేట వైపు. చేయి తిరిగినవాడు ఆయన. బోల్టులు విప్పుతూ, మసి తుడుస్తూ, మధ్యమధ్య ఇది రాసుకున్నది నేను.

శుక్రవారం రాత్రి

గూడూరు నుంచి వస్తుంటే తడ దాటాక బండి లాగడం మానేసిందట. మొదట సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల పెరిగింది, వేగం పెరగలేదు. గుమ్మిడిపూండి దగ్గరకు వచ్చేసరికి వెనక వస్తున్న లారీ అద్దంలో కనిపించనంత నీలిపొగ. బాబాయి పక్కకు తీసి తాళం తిప్పేశాడు.

ఫోను చేసి చెబితే మెకానిక్ అన్న అడిగిన మొదటి మాట: "తాళం తీయగానే ఇంజను ఆగిందా?"

ఆగిందన్నాను.

"అయితే బతికారు. ఇక స్టార్టు చేయవద్దని చెప్పు. చూద్దామని ఒక్కసారి కూడా వద్దు. కట్టి లాక్కురమ్మను."

ఆయన భయం వట్టిది కాదు. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు, నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇంజనులోకి గాలిని తోసే టర్బోలోంచి ఆయిలు గాలి గొట్టంలోకి ధారగా పడితే ఇంజనుకు అది కూడా ఇంధనమే. తాళం తీస్తే డీజిల్ ఆగుతుంది గానీ ఆయిలు ఆగదు. ఇంజను దాని మీదే పరుగు అందుకుని, ముక్కలయ్యేదాకా తిరిగే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు మాన్యువల్ బండిలో చేయగలిగింది ఒకటే: బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి, పై గేరులో వేసి, క్లచ్చు ఒక్కసారిగా వదిలేయడం. ఇంజను కొట్టుకుని ఆగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే దిగి దూరంగా వెళ్లాలి. డీజిల్ బండి నడిపేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, బాబాయికీ తెలియదు.

శనివారం

ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం తీసి లోపల వేలు పెట్టగానే జబ్బు తెలిసిపోయింది. గాలిని తోసే చిన్న అల్యూమినియం చక్రాన్ని షెడ్డుల్లో ఫ్యాను అంటారు. అది పక్కలకు ఊగి గోడకు తగులుతోంది. రెక్కల అంచులు అరిగి తళతళలాడుతున్నాయి, గోడ మీద గుండ్రటి గీత పడింది. గొట్టం అడుగున ఆయిలు నిలిచి ఉంది. రెక్కలు అరిగాయే తప్ప విరగకపోవడం మా అదృష్టం. ముక్క విరిగి ఇంజనులోకి వెళ్లి ఉంటే లెక్క వేరుగా ఉండేది.

టర్బో కట్టుబడి చూడటానికి సులువే. ఒక ఇరుసు, దానికి రెండు చివర్ల రెండు ఫ్యాన్లు. ఒకదాన్ని సైలెన్సరుకు పోయే పొగ తిప్పుతుంది, రెండోది ఇంజనులోకి గాలిని తోస్తుంది. ఇంత చిన్న టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరగగలదు. బాల్ బేరింగులేమీ ఉండవు. ఇత్తడి బుష్షుల్లో, అంటే గుండ్రటి తొడుగుల్లో, పల్చటి ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఒక వైపు ఏడెనిమిది వందల డిగ్రీల పొగ. దీనికి నీటి గొట్టాలు లేవు కాబట్టి జారుడైనా చల్లదనమైనా అంతా ఆయిలే. ఆ పొర క్షణం సేపు తెగినా ఇరుసు ఇత్తడిని కొరికేస్తుంది. ఫ్యాన్ల దగ్గర ఆయిలును ఆపే సీళ్లు కూడా రబ్బరువి కావు, పిస్టను రింగుల్లాంటి సన్నటి రింగులు. ఇరుసు ఊగడం మొదలయ్యాక అవి ఆపలేవు. నీలిపొగ వచ్చింది అందుకే.

నేను అప్పటికే ఫోనులో టర్బో ధరలు వెతుకుతున్నాను. అన్న ఫోను పక్కన పెట్టించాడు. "టర్బో తనంతట తాను పోవడం తక్కువ. దీన్ని చంపింది ఏదో ముందు వెతుకు. అది లోపలే ఉంటే నువ్వు తెచ్చే టర్బోకూ అదే గతి."

కాబట్టి శనివారమంతా వెతకడమే పని. డిప్‌స్టిక్ మీద ఆయిలు కింది గీతకు కూడా అందలేదు. కింద ప్లగ్గు తీస్తే వచ్చిన ఆయిలు నల్లగా, చిక్కగా, మాడు వాసనతో ఉంది. ఈ ఇంజను మూడు లీటర్ల పైచిలుకు పట్టుకుంటుంది, డబ్బాలోకి వచ్చింది అందులో సగం ఉంటుందేమో. ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఆయిల్ చాంబర్ దించాక అసలు సంగతి బయటపడింది. పంపు ఆయిలును పీల్చుకునే జల్లెడ సగానికి పైగా మడ్డితో మూసుకుపోయింది. మడ్డిలో బంగారు రంగు పొడి మెరుస్తోంది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు, అంటే ఇనుము కాదు, టర్బో బుష్షుల ఇత్తడి. ఫిల్టర్ కాగితం మడతలు విప్పి చూస్తే అక్కడా అదే పొడి. ఇనుప రజను, బేరింగు బిళ్లల ముక్కలు ఏవీ కనిపించకపోయేసరికి అన్న మొహం కాస్త తేటపడింది. క్రాంకు బేరింగులు క్షేమంగానే ఉన్నాయన్న మాట.

ఇక టర్బోకు ఆయిలు తెచ్చే సన్నటి పైపు. రెండు చివర్లా విప్పి ఒక తీగ దూర్చాం. మధ్యలో తీగ ఆగిపోయింది. లోపల బొగ్గు కట్టింది.

బాబాయిని అడిగాను. "ఆయిలు ఎప్పుడు మార్పించావు?"

"మార్పించడమేమిటిరా, తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాను కదా!"

కంపెనీ చెప్పేది పదివేల కిలోమీటర్లకు ఒకసారి పాతది మొత్తం తీసి, ఫిల్టరుతో సహా మార్చమని. పైన పోసిన కొత్త ఆయిలు కింద ఉన్న పాత మడ్డితో కలిసి మడ్డే అవుతుంది. దానికి తోడు ఆయన అలవాటు ఇంకొకటుంది. హైవే మీద వంద వేగంతో వచ్చి టీ కొట్టు ముందు టక్కున ఇంజను ఆపేస్తాడు. అప్పటికి టర్బో కొలిమిలా కాలుతుంటుంది, ఆయిలు ప్రవాహం ఆగిపోతుంది. పైపులో మిగిలిన ఆయిలు అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒక్క నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపితే చాలు.

ఈ ఇంజనులో టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. చైనును బిగువుగా పట్టి ఉంచేది కూడా ఆయిలు ఒత్తిడే. ఆయిలు ఇంత తక్కువగా నడిచిన బండిలో చైను కూడా సాగి ఉంటుందేమోనని నాకు గుబులు. పొద్దున చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు గలగలమని శబ్దం వచ్చేదా అని అన్న బాబాయిని గుచ్చి గుచ్చి అడిగాడు. రాలేదన్నాడు. ఆ మాట నమ్మి ముందుకు వెళ్లాం.

కొత్తదా, కోరా, పాతదా

కొత్త స్పేర్ పార్టుల కొట్లు ఉండే జీపీ రోడ్డులో టర్బో ధర ఇరవై వేల పైమాటే. రెండో దారి మన టర్బో గుల్లలు ఉంచుకుని మధ్యలో ఇరుసు, బుష్షులు ఉండే కోరు మాత్రం కొత్తది వేయించడం. చవకరకం కోర్లు ఏడు వేల దగ్గర దొరుకుతున్నాయి. మూడోది పాత బండ్లు విప్పి పార్టులు అమ్మే పుదుపేట.

అన్న కోరు వైపు మొగ్గాడు, నేను పాతదాని వైపు. కోరును ప్రత్యేకమైన యంత్రం మీద తిప్పి మిల్లీగ్రాముల్లో బ్యాలెన్సు చేయాలి. లక్షల చుట్లు తిరిగే చోట ఆ తేడా చాలు పీకల మీదికి రావడానికి. పేరు లేని డబ్బాలో వచ్చిన కోరుకు ఆ పని చేశారో లేదో చెప్పేవాళ్లు లేరు. కంపెనీ నుంచి బండితో వచ్చి, లక్ష కిలోమీటర్లు సవ్యంగా తిరిగిన టర్బో అయితే కనీసం ఆ పరీక్ష నెగ్గినట్టే. పైగా ఈ బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు 2027లో నిండుతుంది. ఆ తర్వాత బాబాయి దాన్ని రెన్యూ చేయిస్తాడో లేదో ఆయనకే తెలియదు. అటువంటి బండికి ఇరవై వేల టర్బో ఎందుకు? బాబాయి వాదన ఇంకా సూటిగా ఉంది: ఏది తక్కువైతే అది.

సోమవారం, పుదుపేట

ఎగ్మోర్ స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరం. కూవం ఒడ్డున సందుల నిండా విప్పిన బండ్లు. ఒక కొట్టులో తలుపులే, ఒక కొట్టులో హెడ్‌లైట్లే, ఇంకోచోట గేరుబాక్సులు నడుము ఎత్తున పేర్చి ఉంటాయి. ఏ పార్టు కావాలో చెప్పకముందే మన బండి ఏదో అడుగుతారు.

మల్టీజెట్ ఇంజనుతో ఉన్న సుఖం ఇక్కడ తెలుస్తుంది. అదే 1248 సీసీ ఇంజను స్విఫ్ట్‌లోనూ, రిట్జ్‌లోనూ, టాటా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ వచ్చింది. సరుకు పుష్కలం. చిక్కు కూడా అక్కడే. ఎస్ఎక్స్4, ఎర్టిగాల్లో వచ్చిన 90 హార్స్ పవర్ ఇంజనుకు లోపల రెక్కలు కదిలే రకం టర్బో ఉంటుంది, అది మనకు కుదరదు. మనది రెక్కలు కదలనిది, బోర్గ్‌వార్నర్ కేపీ35 రకం. చూడటానికి ఒకలాగే ఉన్నా గుల్ల తిరిగి ఉన్న దిక్కు, పైపు మూతుల కోణం బండిని బట్టి మారవచ్చు. అందుకే పాత టర్బో రేకు మీద 5435తో మొదలయ్యే నంబరును ఫోటో తీసుకుని వెళ్లాను. నంబరు మొత్తం కలవాలి. "ఇది సరిపోతుందన్నా, నేను చెబుతున్నా కదా" అన్నవాళ్ల దగ్గర ఆగలేదు.

అన్న నాకు చెప్పి పంపిన ప్రశ్న ఇది: ఆ బండి ఎలా పోయింది? ఇంజను పోయి తుక్కయిన బండి టర్బో వద్దు, అది మన టర్బోలాగే ఆయిలు లేక తిరిగి ఉంటుంది. నీట మునిగిన బండిది అసలే వద్దు. చెన్నైలో ఈ రెండో జాగ్రత్త తప్పదు. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ ఈ ఊళ్లో ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో అందరూ చూశారు. కావలసింది గుద్దుకుని పోయిన బండి. అదీ వెనక నుంచి దెబ్బతిన్నదైతే మరీ మేలు.

అయితే ఆ ప్రశ్నకు ప్రతి కొట్టులోనూ ఒకటే జవాబు: యాక్సిడెంటు బండి, ఒకే యజమాని. కాబట్టి చెవులు మూసుకుని వేళ్లను నమ్మాల్సి వచ్చింది. ఒకచోట చూపించిన టర్బో వెండి రంగు పూసి మెరిసిపోతోంది. పాత టర్బోకు రంగెందుకు? వద్దన్నాను. ఇంకోచోట దానికి రంగు లేదు, ఫ్యాను బాగానే తిరిగింది. టార్చి వేసి చూస్తే అల్యూమినియం గుల్ల లోపల తెల్లటి పొక్కులు, ఆయిలు రంధ్రం అంచున ఎండిన సన్నటి ఒండ్రు. వరదలో మునిగిన సరుకు. కొట్టతను టీ ఇప్పించాడు గానీ నేను కొనలేదు.

చివరికి దొరికింది ఒక పొడుగాటి కొట్టు వెనక భాగంలో. స్విఫ్ట్ ఇంజను మొత్తంగా నేల మీద ఉంది, టర్బో ఇంకా దానికే బిగించి ఉంది. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. ముందు ఆ ఇంజను డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిలు నల్లగానే ఉంది, డీజిల్‌లో ఉండాల్సినంత నలుపే. వేళ్ల మధ్య రుద్దితే పల్చగా జారింది, మడ్డి లేదు. మూత తీసి లోపలికి చూస్తే కామ్ షాఫ్టు దగ్గర జిగురు కట్టలేదు. ఈ ఇంజనుకు ఆయిలు మార్చిన మనిషి ఎవరో ఉన్నారు.

గొట్టం మూతి దగ్గర ఫ్యానును రెండు వేళ్లతో పట్టి పక్కలకు కదిపితే కొద్దిగా ఆడింది. అది ఉండాలి, ఆయిలు పొర పట్టే చోటు అదే. పక్కకు నొక్కి పట్టి తిప్పినా రెక్క గోడకు తగలలేదు. ముందుకూ వెనక్కూ లాగి చూస్తే కదలిక వేలికి తెలియలేదు. అటూ ఇటూ ఆడినా ఒప్పుకోవచ్చు, లోపలికీ బయటికీ ఆడితే మాత్రం ఆ టర్బోను వదిలేయాలి. రెక్కల అంచులు పదునుగా ఉన్నాయి, ఇరుసు చివరి నట్టు మీద స్పానరు గాట్లు లేవు, అంటే ఎవరూ విప్పి బ్యాలెన్సు చెడగొట్టలేదు. పొగ వైపు మసి పొడిగా ఉంది. తడి మసి కనిపిస్తే ఆయిలు కారుతోందని గుర్తు. గాలి ఒత్తిడి మితిమీరకుండా కొంత పొగను పక్కదారి పట్టించే వేస్ట్‌గేటు రేకు బిగుసుకుపోలేదు. దాన్ని కదిలించే డబ్బాకు కొట్టతని దగ్గరే సైకిల్ పంపు అడిగి గాలి కొట్టాను. కడ్డీ సాఫీగా ముందుకు జరిగింది, గాలి పట్టి ఉంచితే నిలబడింది.

ఏడు వేలన్నాడు. నాకు వచ్చిన తమిళంలో బేరం మొదలుపెడితే కాసేపు విని, "మీది నెల్లూరా?" అని తెలుగులోకి దిగాడు. తెలుగులో కూడా ఏడు వేలే అన్నాడు. ఐదున్నరకు తెగింది. బిల్లు రాయించుకున్నాను. సరిపోకపోతే రెండు మూడు రోజుల్లో తెస్తే మార్చి ఇస్తానన్నాడు. గ్యారంటీ అంటే ఇంతే. ఇంజను మీద నుంచి విప్పేటప్పుడు పక్కనే నిలబడ్డాను, అక్కడ సుత్తి కాస్త ధారాళంగా వాడతారు.

బుధ, గురువారాలు

టర్బో షెల్ఫు మీద కూర్చుంది, మేం మాత్రం చుట్టుపక్కల శుభ్రం చేస్తూ ఉన్నాం. టర్బో తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పి బోర్లిస్తే పాత ఆయిలు కారుతూనే ఉంది. దీన్ని అలాగే వదిలేస్తే కొత్త టర్బో మొదటి ఊపులో ఆ ఆయిలంతా ఇంజనులోకి వెళ్తుంది. శుక్రవారం తప్పిన గండం ఆ రకంగా మళ్లీ ఎదురవుతుంది. కిరోసిన్ పోసి ఊపి, పారబోసి, మళ్లీ పోసి, శుభ్రంగా రావడం మొదలయ్యాక రాత్రంతా వేలాడదీశాం. పొద్దున ఎయిర్ గొట్టంతో ఊదాం. రబ్బరు గొట్టాలు లోపల గుడ్డతో తుడిచాం. ఆయిలుకు మెత్తబడిన ఒక గొట్టం మార్చేశాం.

జల్లెడను కడిగితే సరిపోతుందనుకున్నాను, అన్న కొత్తదే తెప్పించాడు. ఆయిలు తెచ్చే పైపు విషయంలో అయితే చర్చే లేదు. బొగ్గు కట్టిన పైపును తీగతో గీకి వాడటం ఆయన షెడ్డులో నిషేధం. గీకినప్పుడు రాలని పెళుసు ఇంజను వేడెక్కాక రాలి నేరుగా బుష్షుల్లోకి వెళ్తుంది. కొత్త పైపు, కొత్త రాగి వాషర్లు, కొత్త స్టీలు గాస్కెట్లు, సింథటిక్ ఆయిలు, ఫిల్టరు. వీటన్నిటికీ అయిన డబ్బు టర్బో ధరను దాటింది. బాబాయి చీటీ చూసి, "టర్బో ఐదున్నరే అన్నారు కదా?" అన్నాడు. అన్న నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను.

శనివారం, బిగింపు

పాత టర్బో నట్లు ఏళ్ల తరబడి వేడికి కాలి తుప్పుతో ఒకటైపోయాయి. ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాం. అయినా ఒకటి స్టడ్డుతో, అంటే నట్టు ఎక్కే మరమేకుతో సహా ఊడి వచ్చింది, అది నయం. ఇంకొకటి నట్టు దగ్గరే విరిగింది. మిగిలిన మొన మీద అన్న ఒక కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేశాడు. ఆ వేడికి ఎర్రబడి, చల్లారుతుండగా స్పానరుకు లొంగింది. మధ్యాహ్నమంతా ఆ ఒక్క స్టడ్డుకే పోయింది. టర్బో బిగించడానికి అంత సేపు పట్టలేదు.

బిగింపులో రెండు చోట్ల అన్న నా చేయి పట్టుకున్నాడు. ఆయిలు తిరిగి చాంబరుకు దిగే పైపు దగ్గర నేను సిలికాన్ పేస్టు తీశాను. అక్కడ గాస్కెట్ తప్ప ఏమీ పూయకూడదట. ఆ ఆయిలు ఒత్తిడితో కాదు, తన బరువుకు తాను దిగుతుంది. లోపలికి పిగిలిన పేస్టు ముక్క దారికి అడ్డుపడితే ఆయిలు దిగలేక సీళ్ల మీదుగా పొంగుతుంది, మంచి టర్బో కూడా పొగ చిమ్ముతుంది. రెండోది పైపును పట్టే బాంజో బోల్టు. అది బోలుగా ఉంటుంది, బలం చూపిస్తే తెగుతుంది.

వేస్ట్‌గేటు కడ్డీ మీద ఉన్న చిన్న నట్టును మాత్రం ఎవరమూ ముట్టుకోలేదు. దాన్ని తిప్పి పికప్ పెంచుతామనే మహానుభావులు ఉంటారు. కడ్డీ పొడవు ఫ్యాక్టరీలో కొలిచి పెట్టినది.

స్టార్టు చేసే ముందు టర్బో ఆయిలు రంధ్రంలో కొత్త ఆయిలు చుక్కలుగా పోస్తూ ఫ్యానును వేలితో తిప్పాం. తర్వాత ఇంజెక్టర్ల వైరు సాకెట్లు ఊడదీసి, ఇంజను మండకుండా స్టార్టరుతో మాత్రం విడతలు విడతలుగా తిప్పాం. తిరిగి వచ్చే పైపును వదులుగా ఉంచి కింద డబ్బా పెట్టాం. మొదట ఏమీ రాలేదు. డాష్‌బోర్డులో ఆయిలు ఎర్రలైటు ఆరిన కాసేపటికి డబ్బాలో తొలి చుక్కలు పడ్డాయి, తర్వాత సన్నటి ధార. అన్న దాన్ని చూసి తల ఊపాడు. పైపు బిగించి, సాకెట్లు పెట్టి, తాళం తిప్పాం.

అంటుకుంది. వెంటనే సైలెన్సరు నుంచి తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. బాబాయి గుమ్మం దాటి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. అది సైలెన్సరులో మిగిలిన పాత ఆయిలు కాలడం. యాక్సిలరేటర్ ముట్టకుండా అలా తిరగనిస్తే కాసేపటికి పల్చబడి ఆగిపోయింది. ఆపి, మళ్లీ ఆయిలు లెవెలు చూసి కొంత పోశాం. సాకెట్లు తీసి తిప్పినందుకు ఇంజను లైటు వెలిగింది. స్కానరుతో ఆ కోడ్లు, పాత పీ0299, అంటే టర్బో గాలి చాలడం లేదన్న కోడ్, అన్నీ చెరిపేశాం.

ఆదివారం

పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు మాధవరం మీదుగా రెడ్‌హిల్స్ దాకా వెళ్లాం. స్కానరు నా ఒళ్లో ఉంది. ఊరికే తిరుగుతున్నప్పుడు గాలి ఒత్తిడి వంద కిలోపాస్కల్ దగ్గర, అంటే బయటి గాలి ఎంతో అంతే. మూడో గేరులో 2000 చుట్ల నుంచి గట్టిగా తొక్కితే రెండు వందలు దాటింది. వెనక పొగ లేదు. ఈల ఉంది గానీ ఆరోగ్యంగా ఉన్న టర్బోకు ఉండే సన్నటి ఈలే.

తిరిగి వచ్చేటప్పుడు నాలుగో గేరులో ఎక్కడో బుస్సుమని గాలి పోతున్న శబ్దం. షెడ్డులో గొట్టాల కీళ్ల మీద సబ్బు నీళ్లు పూస్తే ఇంటర్‌కూలర్ దగ్గరి క్లాంపు బుడగలు కక్కింది. క్లాంపు మార్చాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గాలి కారుతుంటే ఆ లోటు పూడ్చడానికి టర్బో మరింత వేగంగా తిరగాలి. అలా మితిమీరిన వేగంతో తిరిగి పోయే టర్బోలూ ఉన్నాయి.

తర్వాత

వెయ్యి కిలోమీటర్లకే ఆయిలు తీయించాడు అన్న. మడ్డి పేరుకున్న ఇంజనులో మొదట పోసిన ఆయిలు కడగడానికే అని ఆయన లెక్క. చాంబర్ మళ్లీ దించాం. జల్లెడ అడుగున కాస్త నల్లటి నలుసు ఉంది, ఇత్తడి మెరుపు లేదు. టర్బో పైపు బాంజో బోల్టు విప్పి టార్చి వేస్తే రంధ్రం తేటగా ఉంది. ఎయిర్ గొట్టంలో సన్నటి ఆయిలు తేమ ఉంది. ఇంజను లోపలి ఆవిరిని వదిలే బ్రీదరు నుంచి వచ్చే తేమకు ఆ మాత్రం ఉంటుంది. ఫ్యాను ఆట టర్బో కొన్న రోజున ఎంత ఉందో అంతే.

డాష్‌బోర్డు మీద అన్న ఒక కాగితం అంటించాడు: ఆయిలు మార్చాల్సిన కిలోమీటరు, దాని కింద "ఒక్క నిమిషం ఆగి ఆపండి" అని. బాబాయి టీ కొట్టు ముందు ఇంజను తిరుగుతుండగా దిగి టీ చెప్పి వస్తున్నాడట. బండి తాళం దానికే వదిలేసి.

పాత టర్బో షెడ్డులో మూలన ఉంది. కోరు పోయినా గుల్లలు బాగున్నాయి, రీకండిషన్ చేసేవాళ్లు తీసుకుంటారు. ఒకతను వచ్చి చూసి ఎనిమిది వందలన్నాడు. అన్న పన్నెండు వందలు అడుగుతున్నాడు. ఇంకా తెగలేదు.